ఇంటా వంటా లేనిది

"మా ఇంటా వంటా లేదు" అన్న మాట వినపడని తెలుగిల్లు ఉంటుందనుకోను. కూతురు కోరుకున్న చదువు దగ్గర్నించి కొడుకు పెంచుకున్న జుట్టు దాకా దేన్నయినా తోసిపుచ్చడానికి ఆ ఒక్క మాట చాలు. అయితే ఈ మాట దెబ్బ అందరికన్నా ఎక్కువ తినేది వంటింట్లో కొత్తగా ఏదో చేసి చూద్దామనుకున్న ఇల్లాలు.

కోడలు అరటికాయ వేపుడులో నాలుగు పుదీనా ఆకులూ, రెండు చెంచాల నువ్వులపొడీ వేసి దింపుతుంది. కంచం ముందు కూచున్న పెద్దాయన ముద్ద నోట్లో పెట్టుకోకముందే వాసన పట్టేసి, "ఇదేం కూరమ్మా? మా ఇంటా వంటా లేదే!" అంటాడు. ఆ పిల్ల చిన్నబుచ్చుకుని మర్నాడు మామూలు వేపుడే చేస్తుంది. ఒక కొత్త కూర పుట్టిన పూటే కన్నుమూసిందన్నమాట.

అదే కంచంలో పెద్దాయన లొట్టలేసుకుంటూ తింటున్న తక్కిన పదార్థాల జాతకాలు తీసి చూస్తే ఏం తేలుతుందో అని నాకు చాలాకాలంగా కుతూహలం. తీసి చూశాను. తేలింది చెబుతాను, వినండి.

సరదాకి ఒక చట్టం పెట్టుకుందాం. ఐదువందల ఏళ్ళ కిందట మన ఇంటా వంటా లేని వస్తువేదీ ఇవాళ మన వంటింట్లో ఉండడానికి వీల్లేదు. అలాగైతే మొట్టమొదట గడప దాటాల్సింది మిరపకాయ. పచ్చిదీ, ఎండుదీ, కారప్పొడీ అన్నీ. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. 1492లో కొలంబస్ అటు వెళ్ళి వచ్చాకే తక్కిన ప్రపంచానికి దాని మొహం తెలిసింది. 1498లో వాస్కో డ గామా కాలికట్టు దగ్గర దిగిన తరవాత, పోర్చుగీసు ఓడల రాకపోకల్లో అది మన తీరానికి చేరింది. దాని వెనకే బయల్దేరాల్సినవి టొమాటో, బంగాళాదుంప, వేరుశనగ, జీడిమామిడి, మొక్కజొన్న, చిలగడదుంప, కర్రపెండలం, బొప్పాయి, జామ, అనాస. ఇవన్నీ ఆ ఖండం పిల్లలే. సంక్రాంతి నాడు దప్పళంలో పడే తియ్యగుమ్మడికాయ కూడా అక్కడిదే. బూడిదగుమ్మడి మాత్రం ఆసియాదే కనక, గుమ్మానికి దిష్టికి కట్టుకున్నది ఉంచుకోవచ్చు. కాబేజీ, కాలీఫ్లవరు దొరల వెంట వచ్చాయి. అందుకే పెద్దవాళ్ళు వాటిని ఇప్పటికీ ఇంగ్లీషు కూరలనే అంటారు.

ఇంకా వెనక్కి వెళితే మన చింతచెట్టుకి కూడా పుట్టిల్లు ఆఫ్రికాయే. కాకపోతే అది ఎంత పాతకాలంలో ఇటు వచ్చిందంటే, అరబ్బులు చింతపండుని భారతదేశపు ఖర్జూరం అన్నారు. ఇంగ్లీషువాళ్ళ 'టామరిండ్' ఆ అరబ్బు మాట నించి పుట్టిందే. పెంచిన ఇంటి పేరే దానికి ఇంటిపేరయింది.

ఇప్పుడు మన చట్టం ప్రకారం మిగిలిందేమిటో చూడండి. పల్లీ చట్నీ లేదు. మిరపకాయ బజ్జీ లేదు. టొమాటో పప్పు లేదు. పూరీలోకి బంగాళాదుంప కూర లేదు. ఉప్మాలో జీడిపప్పు లేదు. గోంగూర పచ్చడిలో కారం లేదు. ఇంటా వంటా లేదన్న పెద్దాయన ఈ భోజనం చూస్తే కంచం ముందు నించి లేచిపోవడం ఖాయం.

మరి అప్పటివాళ్ళు ఏం తిన్నారు? దీనికి పెద్ద సాక్షి కృష్ణదేవరాయలే. ఆయన పాలించింది 1509 నుంచి 1529 వరకు. పోర్చుగీసువాళ్ళు గోవాని పట్టుకున్నది 1510లో. అంటే రాయలవారు సింహాసనం మీద ఉండగానే పడమటి తీరంలో ఓడలు సరుకు దింపుతున్నాయి. ఆయన 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు అతిథులకి ఏ కాలంలో ఏం వండి పెట్టేవాడో పద్యాలు చెప్పాడు. వానాకాలంలో వడియాలూ వరుగులూ, ఎండాకాలంలో మజ్జిగపులుసూ కొబ్బరినీళ్ళూ ఊరగాయలూ, చలికాలంలో చుర్రుమనే వేడివేడి కూరలూ. చదువుతుంటే నోరూరుతుంది. కానీ ఆ చురుకు మిరియాలదీ ఆవాలదీ. మిరపకాయ ఊసు లేదు.

ఇంకో నాలుగువందల ఏళ్ళు వెనక్కి వెళితే, పశ్చిమ చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన 'మానసోల్లాసం' ఉంది. అందులో ఇడ్లీకి పూర్వీకుడు కనిపిస్తాడు. అయితే అది ఒట్టి మినప్పిండితో చేసింది, అందులో బియ్యపు రవ్వ లేదు. అంటే మన మెత్తటి ఇడ్లీ కూడా ఒక్కరోజున ఊడిపడలేదు. ఎవరో బియ్యం కలిపారు, ఎవరో పిండిని రాత్రంతా పులవనిచ్చారు, ఎవరో ఆవిరి మీద ఉడికించి చూశారు. ఒకరు చేసిందాన్ని ఇంకొకరు మార్చుకుంటూ పోగా పోగా మన పళ్ళెంలోకి వచ్చింది.

సరే, మిరపకాయ ఓడ దిగింది. అక్కడి నించి వంటింటి పొయ్యి దాకా ఎలా నడిచింది? ఏ రాజూ శాసనం వేయించలేదు. ఆనవాలు మన మాటలోనే ఉంది. మిరియానికీ మిరపకీ ఉన్న పోలిక చూడండి. కొత్తగా వచ్చిన కాయని నోట్లో పెట్టుకున్న మొదటి తెలుగు మనిషికి తెలిసిన ఘాటు మిరియమే. ఆ పేరే దీనికీ తగిలించారు. టొమాటోని కొందరు రామములగ అన్నారు, సీమలో కొన్నిచోట్ల తక్కాళి అన్నారు. ఆలుగడ్డని బంగాళా దేశం నించి వచ్చిందని బంగాళాదుంప చేసుకున్నారు. తెలియనిదానికి తెలిసిన పేరు పెట్టి, తెలిసిన కుండలో ఉడికించి చూశారు. మిరియపు తీగ అన్నిచోట్లా పెరగదు, కొనుక్కోవాలి. మిరప మొక్క పెరట్లో మురుగునీళ్ళకే కాస్తుంది. ఇల్లు గడుపుకునే ఆడదానికి ఆ లెక్క ఒకరు చెప్పాలా?

ఇక్కడే నాకు ఆవకాయ మీద దృష్టి పడింది. దాని పేరులో ఉన్నది ఆవ, మిరప కాదు. ఎర్రగా భగభగమంటూ జాడీలో కూచున్న ఆ మహాతల్లికి కారం పేరు కాకుండా ఆవాల పేరు ఎందుకొచ్చింది? మామిడిముక్కకి ఆవపిండి పట్టించే పద్ధతి ముందు నించీ ఉండి, కారం తరవాత వచ్చి చేరిందేమోనని నా ఊహ. ఊహ సంగతి ఎలా ఉన్నా, ఇవాళ మనం తినే ఎర్ర ఆవకాయ మిరపకాయ కన్నా పెద్దది కాలేదు గదా. ఎంత గింజుకున్నా దాని వయస్సు ఐదువందలు దాటదు. ఏదో ఒక వేసవిలో, ఏదో ఒక ఇంట్లో, ఎవరో ఒకావిడ మొదటిసారి ఆవపిండీ ఉప్పూ కారమూ సమపాళ్ళలో కలిపి, నూనెతో ముక్కలకి పట్టించి, జాడీకి గుడ్డ కట్టి, మూడో రోజు మూత తీసి చూసింది. ఆ రోజు ఆవిడ అత్తగారు ఏమన్నదో ఊహించగలను. "ఇంటా వంటా లేదు" అనే అని ఉంటుంది.

ఆవిడ కలిపినదాంట్లో ఎంత శాస్త్రం ఉందో చూడండి. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. మామిడి పులుపు, ఉప్పు కలిసి కుళ్ళు పుట్టించే సూక్ష్మజీవుల్ని బతకనివ్వవు. పైన తేలే నూనె గాలిని ఆపుతుంది. ఆవాలు పొడిగా ఉన్నంతసేపూ వాటికి పెద్ద ఘాటు లేదు. నలిగి, తడి తగిలితేనే ముక్కుపుటాలు అదిరే ఘాటు పుడుతుంది, అది కూడా సూక్ష్మజీవులకి శత్రువే. సూక్ష్మజీవి అనేది ఒకటుందని లోకానికి తెలియని రోజుల్లో, ముక్కుతోనూ నాలికతోనూ చూసి ఈ లెక్క కట్టినావిడకి ఒక బిరుదూ లేదు, విగ్రహమూ లేదు. పేరే తెలియదు.

మిరపకాయ కొత్తగా వచ్చిందన్న సంగతి పుస్తకాలే చెప్పక్కర్లేదు. చాలా ఇళ్ళల్లో తద్దినం వంటకి మిరపకాయ వాడరు, మిరియాలే. టొమాటో, కాబేజీ, బంగాళాదుంపలు ఆ రోజు వంటింట్లోకి రావు. కంద, అరటికాయ, కాకరకాయల వంటివే ఉంటాయి. పితృదేవతలకి తెలియని కూర పెట్టకూడదని కాబోలు. పూరీ జగన్నాథుడి మహాప్రసాదంలో కూడా బంగాళాదుంప, టొమాటో, మిరపకాయ పడవు. ఐదువందల ఏళ్ళనాటి వంట ఎలా ఉండేదో చూడాలంటే ఏ ప్రదర్శనశాలకీ వెళ్ళనక్కర్లేదు. ఏడాదికోసారి మన ఇంట్లోనే విస్తట్లో వడ్డిస్తున్నారు. మర్నాడు మళ్ళీ అందరం మిరపకాయకి వచ్చేస్తాం. పాత వంట అంటే గౌరవం, కొత్త వంట అంటే ఆకలి!

పేర్ల సంగతి వచ్చింది గనక ఇంకొకటి చెప్పాలి. మనవాళ్ళు గొప్ప వంటని నలపాకం అన్నారు, భీమపాకం అన్నారు. ఇద్దరూ మగవాళ్ళే, అందులోనూ రాజులు. మైసూరుపాకు కథ చెబితే నాలుగో కృష్ణరాజ ఒడెయరు కొలువులోని వంటవాడు కాకాసుర మాదప్ప పేరు వస్తుంది. సాంబారు పుట్టుక గురించి తంజావూరు మరాఠా రాజుల పేరు మీద ఒక కథ ఉంది. చింతపండు రసంతో పప్పు కాచి, వచ్చిన శంభాజీ పేరు పెట్టారట. ఆ కథకి గట్టి ఆధారం లేదు. అయినా అందరికీ నచ్చింది, ఎందుకంటే అందులో రాజు ఉన్నాడు. బీరకాయ తొక్కు పారేయకుండా వేయించి నూరిన మొదటి ఆవిడ గురించి ఒక్క కథ చెప్పండి చూద్దాం. కంద దురద పులుపుతో తగ్గుతుందని కనిపెట్టినావిడ ఎవరు? ఆ దురదకి కారణం కందలో ఉండే సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలని తరవాతెప్పుడో శాస్త్రవేత్తలు చెప్పారు. చింతపండు వేయాలని మాత్రం మన పల్లెటూరి ముసలమ్మలందరికీ ముందే తెలుసు. ముందుగా ఎవరి గొంతు దురద పెట్టి ఉంటుందో పాపం!

రాజుల వంటవాళ్ళు ఉన్న సరుకుతో కనిపెట్టారు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు లేని సరుకుతో కనిపెట్టారు. ఈ తేడా చిన్నది కాదు. 1832-33లో గుంటూరు సీమలో నందన కరువు వచ్చింది. డొక్కల కరువని కూడా అంటారు. ఐదు లక్షల జనంలో సుమారు లక్షన్నర మంది పోయారని లెక్క. మళ్ళీ 1876-78లో ధాత కరువు రాయలసీమని ఊడ్చేసింది. అలాంటి రోజుల్లో ఏ ఆకు తినొచ్చు, ఏ దుంపని ఎన్నిసార్లు ఉడికించి నీళ్ళు వంచేస్తే చేదు పోతుంది, ఏ గడ్డిగింజని దంచితే గంజి అవుతుంది అన్నది తేల్చుకోవాల్సిన భారం పిల్లలున్న తల్లిది. వంట కనిపెట్టడం అంటే మనకి సరదా. ఆవిడకి రేపటిదాకా పిల్లవాణ్ణి బతికించుకోవడం.

1942లో జపానువాళ్ళు బర్మాని పట్టుకోగానే అక్కడి నించి వచ్చే బియ్యం ఆగిపోయింది. దేశమంతా బియ్యానికి కటకట. బెంగళూరులో మావళ్ళి టిఫిన్ రూమ్స్ వారు చెప్పే ప్రకారం, రవ్వ ఇడ్లీ పుట్టింది ఆ యుద్ధకాలపు కొరతలోనే. హోటలు కనక వాళ్ళ పేరు నిలిచింది. ఇళ్ళల్లో అదే కొరతకి ఎన్ని వంటలు పుట్టాయో ఎవరు రాశారు? 1965లో లాల్ బహదూర్ శాస్త్రి గారు వారానికి ఒక పూట భోజనం మానమన్నారు. ఆ తరవాతి రోజుల్లో రేషను గోధుమలు మా ఇంటికీ వచ్చాయి. రొట్టె చేయడం మా అమ్మకి రాదు, తినడం మాకు రాదు. ఆవిడ గోధుమల్ని తిరగట్లో నూకగా విసిరి, ఆ నూకతో పెసరపప్పు వేసి ఉప్పుడుపిండి చేసేది. ఇంకో రోజు దాన్నే అన్నంలా వార్చి, చింతపండు పులుసు కలిపి పులిహోర అనేది. మా నాన్నగారు "పులిహోరకి కూడా కష్టకాలం వచ్చింది" అంటూనే రెండోసారి పెట్టించుకునేవారు.

అన్నం కూడా అందరికీ తాతల నాటి తిండి కాదు. శ్రీనాథుడు పల్నాడు వెళ్ళి, అక్కడి జొన్నకూడు తినలేక విసుక్కున్నాడని ఆయన పేర చాటువులు చెబుతారు. మెట్టప్రాంతాల్లో జొన్న, సజ్జ, రాగి, కొర్రలే రోజువారీ తిండి. వరన్నం పండగనాటి మాట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో వరి పెరిగింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక మెట్టసీమల్లో కూడా బీదల ఇళ్ళల్లో అన్నం రోజూ ఉడకడం మొదలైంది. అది చల్లటి మాటే. కానీ ఆ అన్నంతోబాటు సంగటి కెలికే కర్రా, జొన్నరొట్టె తట్టే చెయ్యీ కొన్ని ఇళ్ళల్లో మూలపడ్డాయి. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్న తరవాత, ఆ ఇళ్ళ మనవరాళ్ళే కొర్రలతో పులిహోర, సామలతో ఉప్మా కలుపుతూ కనిపిస్తున్నారు. ముత్తవ్వకి తెలిసిన గింజ, మనవరాలికి తెలిసిన పోపు. చెడిపోయింది సంప్రదాయమా, అతుక్కున్నది సంప్రదాయమా?

నా అనుభవంలో మన వంటకి ఒక వ్యాకరణం ఉంది. అది పట్టుబడితే మాటలు ఎన్నయినా పుట్టించుకోవచ్చు. పులిహోరే చూడండి. చింతపండు దొరక్కపోతే నిమ్మకాయ, అది లేకపోతే మామిడికాయ, దబ్బకాయ, ఉసిరికాయ. పులుపు మారింది గానీ వాక్యం మారలేదు. పప్పులో ఏ ఆకుకూర వేసినా పప్పే. తొక్కు ఏ కాయదయినా వేయించి, ఎండుమిరప, చింతపండు చేర్చి నూరితే పచ్చడే. కొత్త వంట అంటే గాల్లోంచి పుట్టేది కాదు. తెలిసిన వాక్యంలో ఒక్క మాట మార్చి చూడటం. పిల్లలు మాటలు నేర్చేది కూడా అలాగే గదా!

ఆ తరవాత అచ్చు పుస్తకాలొచ్చాయి. తమిళంలో మీనాక్షి అమ్మాళ్ 'సమైత్తుప్పార్' 1951లో వచ్చింది. అంటే 'వండి చూడు' అని. తెలుగులో మాలతీ చందూర్ గారి 'వంటలు - పిండివంటలు' ఎన్ని ముద్రణలు పొందిందో, ఎంతమంది కొత్త పెళ్ళికూతుళ్ళ పెట్టెల్లో అత్తవారింటికి వెళ్ళిందో! పుట్టింటికి దూరంగా కాపురం పెట్టిన ఆడపిల్లకి ఆ పుస్తకమే అమ్మ. వంట చెప్పిన మనిషి పేరు అట్ట మీద అచ్చు పడటం కూడా చిన్న సంగతి కాదు. అయితే ఆ పుస్తకాలన్నిట్లో నాకు బాగా నచ్చిన మాట 'తగినంత'. తగినంత ఉప్పు, తగినంత పులుపు. అంత ఖచ్చితంగా కొలతలు రాసిన మనుషులు కూడా అక్కడికి వచ్చేసరికి కలం ఆపి, మిగతాది నీ చేతికే వదిలేశానమ్మా అన్నారు. ఇప్పుడు గ్రాములూ నిమిషాలూ అన్నీ ఫోనులో దొరుకుతున్నాయి. మంచిదే. కానీ ఆ లెక్కలో లేని చిటికెడు వేయడానికి చెయ్యి భయపడుతోందా అని నాకు బెంగ.

ఎందుకు బెంగో చెబుతాను. గోదావరి లంకల్లో మా మేనత్త ఉండేది. పనసపళ్ళ రోజులు అయిపోయాక, దాచిన పనసపిక్కలూ, ఎండబెట్టిన మామిడి వరుగూ వేసి ఒక పులుసు కాచేది. అది ఆవిడ సొంతం. ఆ ఊళ్ళో ఇంకెవరూ చేసేవారు కాదు. దానికి పేరు కూడా లేదు. "అత్తయ్యా, ఇందులో ఏం వేశావు?" అని ఎన్నిసార్లు అడిగినా, "ఏముందే, ఇంట్లో ఉన్నదేదో వేశాను" అనేది. చెప్పకూడదని కాదు, చెప్పేంత గొప్ప సంగతని ఆవిడకి తోచలేదు. ఆవిడ పోయింది. మేం ముగ్గురం అక్కచెల్లెళ్ళం ఆ పులుసు కోసం ఇప్పటికీ తంటాలు పడుతున్నాం. ఒకతి వేయించిన మెంతులంటుంది, ఒకతి ధనియాలంటుంది, నాకేమో అడుగున బియ్యప్పిండి మాడిన వాసన గుర్తు. మూడు పులుసులూ బాగానే ఉంటాయి. ఏదీ అది కాదు.

మిరియం పోయి మిరప వస్తే ఎవరూ ఏడవలేదు. ఒక మనిషితోబాటు ఒక రుచి పోతే మాత్రం ఆ ఇంటికి మళ్ళీ దొరకదు. ఐదువందల ఏళ్ళ వంట చరిత్రలో రాజుల పేర్లూ, హోటళ్ళ పేర్లూ మిగిలి, అత్తయ్యల పేర్లు మిగలకపోవడానికి కారణం ఇదే. వాళ్ళు చేసింది ఒక కనిపెట్టడమని వాళ్ళకీ తెలియదు, తిన్న మనకీ తోచలేదు.

అందుకని అమ్మలారా, అయ్యలారా (వండే అయ్యలు కూడా ఇప్పుడు తక్కువేం లేరు), నాదొక మనవి. పాలవాడి లెక్కలు రాసే నోటుపుస్తకంలోనే రెండు పేజీలు విడిచిపెట్టండి. ఇంట్లో ఎవరు ఏ కొత్త కూర చేసినా, బాగుంటే చాలు, అందులో వేసినవి రాయండి. తగినంత అని రాసినా ఫరవాలేదు. పక్కన చేసిన మనిషి పేరు తప్పకుండా రాయండి. 'అత్తయ్య పులుసు', 'చిన్నకోడలి వేపుడు', ఏదో ఒకటి. కింద తేదీ వేయండి. వందేళ్ళు పోనివ్వండి, అది తాతల నాటి వంట అవుతుంది. అప్పుడు ఆ ఇంట్లో పుట్టిన పిల్లలకి దాన్ని మొదట ఎవరు చేశారో కూడా తెలుస్తుంది.